మైట్రల్ వాల్వు సన్నబడిందన్నారు, ఐదో నెల. కాన్పు ఎక్కడ పెట్టుకోవాలి?

కోటబొమ్మాళి కుర్రోడు
అందరికీ నమస్కారం. మాది కోటబొమ్మాళి దగ్గర పల్లె. నేను హైదరాబాదులో పని చేస్తున్నాను, మా ఆవిడ ఊళ్లో మా అమ్మావాళ్ల దగ్గర ఉంటోంది. మొదటి కాన్పు, ఐదో నెల నడుస్తోంది. బోరింగు నుంచి బిందె మోసుకొస్తే ఆయాసం, రాత్రి వెల్లకిలా పడుకుంటే దగ్గు. కడుపుతో ఉంటే ఎవరికైనా అంతేలే అని ఇంట్లో అన్నేరు. తొమ్మిదో తారీఖున పీహెచ్‌సీలో గర్భిణుల చెకప్‌కి వెళ్తే అక్కడి డాక్టరమ్మ స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విని, గుండెలో ఏదో శబ్దం ఉంది, ఎకో తీయించండి అని శ్రీకాకుళం పంపించేరు. అక్కడ ఎకోలో మైట్రల్ వాల్వు సన్నబడింది, అంటే రక్తం దిగే దారి ఇరుకైంది, 1.4 చదరపు సెంటీమీటర్లే ఉంది, ఊపిరితిత్తుల ప్రెషరు కూడా కొంచెం పెరిగింది అని రాసేరు. మెటోప్రొలాల్, నీరు దిగే మాత్ర ఇచ్చి విశాఖపట్నంలో గుండె డాక్టరుకి చూపించమన్నారు.

ఇప్పుడు ఇంట్లో గొడవ. మా అమ్మ కడుపు తీయించెయ్యమంటోంది. అత్తగారిది మందస వైపు. మొదటి పురుడు పుట్టింట్లోనే పొయ్యాలి, ఏడో నెలలో సూడిదలు పెట్టి తీసుకెళ్లిపోతాం అంటున్నారు. మందస నుంచి ఏదైనా అయితే విశాఖ ఎంత దూరమో మీకు తెలుసు. ఇలాంటిది దాటి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

నాగావళి గట్టు
ముందు నువ్వు స్థిమితపడు తమ్ముడూ. రిపోర్టు ఇక్కడ పెట్టాలనుకుంటే పేరు, ఫోను నంబరు చెరిపేసి పెట్టు. నాకు తెలిసినవి రొయ్యల చెరువులు మాత్రమే, గుండె సంగతి తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారు, వస్తారు.

బొబ్బిలి వీణ
నాది కూడా ఇదే వాల్వు తమ్ముడూ, అందుకే రాస్తున్నాను. నాకు పెళ్లికి ముందే తెలిసింది. విశాఖలో తొడ దగ్గర నరంలోంచి గొట్టం పంపి, వాల్వు తెరుచుకునేలా బెలూన్ ఊదేరు. కోత లేదు, కుట్లు లేవు. తర్వాత ఇద్దరు పిల్లలు, రెండూ మామూలు కాన్పులే. పెద్ద ఆసుపత్రిలో, అది మాత్రం రాజీ పడలేదు. మా నాన్న కూడా 'పుట్టింట్లో పురుడు' అని పట్టు పట్టేరు. మా గైనిక్ డాక్టరు ఆయన్ని పిలిచి, "పుట్టిల్లంటే అమ్మ ఉన్న చోటు కదండీ, అమ్మనే ఇక్కడికి తీసుకురండి" అన్నేరు. మా అమ్మ విశాఖ వచ్చి నాతోనే ఉంది. ఆ మాట మీ అత్తగారికి చెప్పి చూడు.

నీ భార్యకి బెలూన్ కావాలా వద్దా అన్నది డాక్టరు చెప్పాలి. కడుపుతో ఉండగా కూడా చేస్తారు, మా వార్డులోనే ఒకావిడకి చేసేరు.

రాజాం రాజా
ఎందుకండీ ఇంత రిస్కు. మనిషి బతికుంటే పిల్లలు తర్వాతైనా పుడతారు. మీ అమ్మగారు చెప్పిందే కరెక్టు. తీయించెయ్యండి, వైద్యం చేయించండి, తర్వాత చూసుకోవచ్చు.

మత్తు డాక్టరు, విజయనగరం
నేను అనస్థీషియా డాక్టర్ని. ఇలాంటి కాన్పుల్లో తల దగ్గర నిలబడేది మేమే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. మీ కేసు చూసిన డాక్టర్ల మాటే చివరి మాట, నాది వాళ్లని ఏం అడగాలో తెలియడానికి.

కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం 30 నుంచి 50 శాతం పెరుగుతుంది. గుండె నిమిషానికి పంపాల్సిన రక్తం కూడా దాదాపు అంతే పెరుగుతుంది, గుండె వేగం ఒక పదీ ఇరవై ఎక్కువవుతుంది. ఈ భారం ఏడు, ఎనిమిది నెలలకి శిఖరానికి చేరుతుంది. బాగున్న గుండె దీన్ని మోసేస్తుంది. మైట్రల్ వాల్వు సన్నబడ్డ గుండెకి ఒక చిక్కుంది. ఈ వాల్వు గుండె ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య తలుపు లాంటిది. పై గదిలోంచి కింది గదిలోకి రక్తం దిగడానికి వ్యవధి కావాలి. గుండె వేగంగా కొట్టుకునేకొద్దీ ఆ వ్యవధి తగ్గిపోతుంది. వంశధార కాలవకి షట్టరు సగమే లేపి, పైనుంచి వరద వదిలితే వెనకున్న పొలాలు మునుగుతాయి కదా. ఇక్కడ వెనకున్నవి ఊపిరితిత్తులు. పడుకుంటే దగ్గు అందుకే. మెటోప్రొలాల్ ఇచ్చింది వేగం తగ్గించి గుండెకి ఆ వ్యవధి ఇవ్వడానికి. అదే జాతి మందు అటెనోలాల్ ఇంట్లో ఎవరి దగ్గరో ఉందని మార్చి వేసెయ్యకండి, దానితో కడుపులో బిడ్డ ఎదుగుదల తగ్గే ప్రమాదం ఉంది.

మామూలు వాల్వు 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు తెరుచుకుంటుంది. 1.5, అంతకన్నా తక్కువ ఉంటే తీవ్రం కింద లెక్కేస్తారు. మీ ఆవిడది ఆ గీత కిందికే వచ్చింది. మాత్రలతో ఆయాసం తగ్గి, ఊపిరితిత్తుల ప్రెషరు అదుపులో ఉంటే అలాగే నెలనెలా చూసుకుంటూ కాన్పు దాకా వెళ్లొచ్చు. మాత్రలు వాడినా ఆయాసం తగ్గకపోయినా, ప్రెషరు 50 దాటినా బెలూన్ ఆలోచిస్తారు. ఇరవై వారాలు దాటేక చేస్తే బిడ్డ అవయవాలు అప్పటికే ఏర్పడి ఉంటాయి, పొట్టకి సీసం కవచం కప్పి తక్కువ ఎక్స్‌రేతో ముగిస్తారు. గుండె పై గదిలో రక్తం గడ్డ ఉన్నా, వాల్వు బాగా లీకవుతున్నా బెలూన్ కుదరదు, అది ఎకోలో ముందే చూస్తారు.

రాజా గారూ, మీ మాట పూర్తిగా తప్పని అనను. గర్భం వద్దు అని మేమే గట్టిగా చెప్పే జబ్బులు ఉన్నాయి. పుట్టుకతో వచ్చిన రంధ్రాన్ని ఏళ్ల తరబడి వదిలేసి పెదవులు నీలంగా మారిన ఐసెన్‌మెంగర్ దశలో తల్లి మరణాలు 20 నుంచి 50 శాతం దాకా ఉంటాయి. గుండె పంపింగు 30 శాతం లోపు ఉన్నవాళ్లు, బృహద్ధమని (గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం) బాగా ఉబ్బినవాళ్లు కూడా అదే వరస. తీవ్రంగా సన్నబడ్డ మైట్రల్ వాల్వు కూడా నిజానికి ఆ పట్టీలోనిదే, నెల తప్పక ముందే బాగు చేయించుకోవాలి. కానీ ఈ అమ్మాయి ఐదో నెలలో ఉంది, ఈ జబ్బుకి కడుపుతో ఉండగానే చేసే వైద్యం ఉంది. ఐదో నెలలో తీయించడం కూడా ఈ గుండెకి ఊరికే అయిపోయే పని కాదు. ఇంకోటి, 1971 చట్టం ప్రకారం గర్భస్రావానికి సంతకం ఆ అమ్మాయిది ఉండాలి. భర్తది గానీ అత్తగారిది గానీ కాదు. ముందు ఆమెని అడిగేరా?

కోటబొమ్మాళి కుర్రోడు
డాక్టరు గారూ, ఆమె ఉంచుకుంటానంటోంది. ఏడుస్తోంది కూడా.

ఇంకో సంగతి నిన్న రాత్రి బయటపడింది. చిన్నప్పుడు ఎనిమిదో తరగతిలో ఆమెకి జ్వరం వచ్చి మోకాళ్లు, మోచేతులు ఒకదాని తర్వాత ఒకటి వాచేయట. అప్పట్నుంచీ మూడు వారాలకోసారి నడుముకి ఇంజక్షన్ వేయించేవారట. మా సంబంధం కుదిరేక, ప్రతి మూడు వారాలకీ ఆసుపత్రికి వెళ్తుంటే మగపెళ్లివారు ఏమనుకుంటారో అని మానిపించేసేరట. మా అమ్మకి ఇది తెలిసి, దాచి కట్టబెట్టేరు అని మా మావగారికి ఫోను చేసి నానా మాటలూ అనేసింది.

రాజాం రాజా
చెప్పేనా. ఇది మోసమే.

ఏఎన్ఎం అప్ప
మోసం, పంచాయతీ తర్వాత పెట్టుకోండి బాబూ. ఆ ఇంజక్షన్ పేరు పెనిడ్యూర్. చిన్నప్పుడు గొంతు నొప్పి వచ్చి సరిగా మందు వాడకపోతే కొందరికి ఆ సూక్ష్మజీవి వల్ల కీళ్లవాతం జ్వరం వస్తుంది. కీళ్లు బాగైపోతాయి, వాల్వు మాత్రం దెబ్బతినొచ్చు. మళ్లీ మళ్లీ ఆ జ్వరం వస్తే ప్రతిసారీ ఇంకాస్త పాడవుతుంది. అది రాకుండా కాసేదే ఈ ఇంజక్షను. వాల్వు దెబ్బతిన్నవాళ్లకి నలభై ఏళ్లు వచ్చేదాకా వెయ్యమంటారు, కొందరికి జీవితాంతం. కడుపుతో ఉన్నా వేసుకోవచ్చు, బాలింతా వేసుకోవచ్చు.

ఈ పని చేస్తూ ఇలాంటి ఇళ్లు నేను చూసేను. పిల్లకి పదహారో పదిహేడో వచ్చేసరికి ఇంజక్షన్ బుక్కు పెట్టెలోకి వెళ్లిపోతుంది. అడిగితే "తగ్గిపోయింది మేడం" అంటారు. పెళ్లికొడుకు వైపు ఊరు మారిపోతుంది, అక్కడి ఏఎన్ఎంకి ఈ సంగతి తెలీదు, తల్లీ బిడ్డ కార్డులో రాసి ఉండదు. నెల తప్పి ఆయాసం వచ్చేదాకా ఎవరికీ పట్టదు. ఆడపిల్ల వాళ్లని తిట్టేముందు, మనం సంబంధం చూసేటప్పుడు ఎలా మాట్లాడతామో కూడా గుర్తు తెచ్చుకోవాలి.

తమ్ముడూ, నువ్వు చెయ్యాల్సింది ఏటంటే, ఆ పాత బుక్కు మందస నుంచి తెప్పించు. గుండె డాక్టరుకి అది చూపించి ఇంజక్షన్ మళ్లీ మొదలెట్టమని అడుగు. టెస్ట్ డోసు చూసి వేస్తారు. చిన్న చోట్ల ఈ ఇంజక్షన్ వెయ్యడానికి జంకుతారు, ఎలర్జీ భయం. అందుకని డాక్టరు ఉన్న చోటే వేయించు. ఆమె కార్డు మీద ఎర్ర స్టిక్కరు వేసేరా లేదా చూడు, తొమ్మిదో తారీఖు చెకప్‌లో ప్రమాదం ఉన్నవాళ్లకి అది అతికిస్తారు. ఎర్ర స్టిక్కరు ఉంటే ఏ ఆసుపత్రిలో అడుగుపెట్టినా ప్రమాదం ఉన్న కేసని చూడగానే తెలుస్తుంది.

మరోటి. నీరసంగా ఉంది అని ఆర్‌ఎంపీ చేత సెలైన్ ఎక్కించకండి. ఈ వాల్వుకి సీసాల కొద్దీ సెలైన్ ఎక్కిస్తే ఆ రాత్రే ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చు. మన ఊళ్లలో ఇది ఎంత మామూలు పనో నాకు తెలుసు కాబట్టి చెప్తున్నాను.

రిటైర్డు మాస్టారు
అమ్మా ఏఎన్ఎం, నువ్వు చెప్పిన ఇంజక్షన్ బుక్కు మాట విని నా క్లాసులో కూర్చున్న కొందరు పిల్లలు గుర్తొచ్చేరు. మూడు వారాలకోసారి బడి మానేసేవారు. ఎందుకని అడిగితే "ఒళ్లు బాలేదు సార్" అనేవారు. ఇళ్లలోనే చెప్పొద్దని చెప్పేవారు కాబోలు.

కుర్రోడా, మీ అమ్మగారితో ఒక మాట చెప్పు. ఆ పిల్ల తండ్రి తప్పు చేసేడనే అనుకుందాం, దానికి శిక్ష ఆ పిల్ల ఊపిరికి వెయ్యకూడదు కదా. మనిషిని నిలబెట్టుకున్నాక ఎంతైనా దెబ్బలాడుకోండి.

పార్వతీపురం పిల్ల
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. నాకు చిన్నతనంలోనే మెటల్ వాల్వు వేసేరు, రాత్రి నిశ్శబ్దంగా ఉంటే టిక్ టిక్ వినిపిస్తుంది. రక్తం గడ్డకట్టకుండా పల్చబరిచే అసిట్రోమ్ మాత్ర వాడుతున్నాను. కొత్తగా పెళ్లయింది. మందుల షాపాయన "ఈ మాత్ర కడుపుతో ఉన్నవాళ్లు వాడకూడదు" అన్నాడు. నెల తప్పిందని తెలిసిన వెంటనే మానెయ్యాలా?

మత్తు డాక్టరు, విజయనగరం
అమ్మా, ఒక్క రోజు కూడా మీ అంతట మీరు మానకండి. మెటల్ వాల్వు మీద గడ్డ కట్టిందంటే అది ప్రాణానికే వస్తుంది, గర్భిణి రక్తం మామూలు కన్నా ఇంకా తొందరగా గడ్డకడుతుంది. షాపాయన చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. అసిట్రోమ్, వార్ఫరిన్ మాయ దాటి బిడ్డకి చేరతాయి. ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య బిడ్డ ముక్కు, ఎముకలు సరిగా ఏర్పడకుండా చేసే ప్రమాదం ఉంది. ఆ ప్రమాదం డోసుని బట్టి ఉంటుంది. వార్ఫరిన్ రోజుకి 5 మిల్లీగ్రాముల లోపు, అసిట్రోమ్ అయితే 2 లోపు సరిపోతున్నవాళ్లకి అది తక్కువ, వాళ్లని చాలామంది డాక్టర్లు అదే మాత్ర మీద ఉంచుతారు. ఎక్కువ డోసు కావాల్సినవాళ్లకి ఆ ఆరు వారాలూ పొట్ట చర్మం కింద వేసుకునే హెపారిన్ ఇంజక్షన్లకి మార్చి, రక్తపరీక్షతో డోసు సరిచూసుకుంటూ నడుపుతారు. తర్వాత మళ్లీ మాత్ర. 36వ వారం వచ్చేసరికి మళ్లీ హెపారిన్. మాత్ర మీద ఉండగానే నొప్పులు మొదలైతే బిడ్డ తలలో రక్తస్రావం కాకుండా సిజేరియన్ చెయ్యాల్సి వస్తుంది.

ఇదంతా నెల తప్పేక వెతుక్కునే పని కాదు. ఇప్పుడే మీ ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత పల్చగా ఉందో చూసే పరీక్ష) పుస్తకం, ఆపరేషన్ కాగితం పట్టుకుని గుండె డాక్టర్నీ గైనిక్‌నీ కలవండి. నెల ఒక్క వారం ఆలస్యమైనా పరీక్ష చేసుకోండి. బాలింత అయ్యాక వార్ఫరిన్, అసిట్రోమ్ వాడుతూ పాలివ్వొచ్చు, పాలల్లోకి చెప్పుకోదగ్గంత రాదు. కొత్తగా వచ్చిన రక్తం పల్చబరిచే మాత్రలు మెటల్ వాల్వుకి పనికిరావు, ఎవరైనా సులువని చెప్పి మార్పించినా వినకండి.

బీపీకో పంపింగుకో వాడే రామిప్రిల్, ఎనలాప్రిల్, లోసార్టాన్, టెల్మిసార్టాన్ లాంటివి వాడుతున్నవాళ్లు ఎవరైనా చదువుతుంటే, అవి గర్భంలో బిడ్డ మూత్రపిండాల్ని దెబ్బతీస్తాయి. నెల తప్పాలనుకున్నప్పుడే డాక్టర్ని అడిగి మార్పించుకోండి.

పార్వతీపురం పిల్ల
నాది 3 మిల్లీగ్రాములు. వచ్చే వారమే వెళ్తాను. థాంక్సండీ.

ఇచ్ఛాపురం ఈతకాయ
మందస అంటే మా వైపే. మా ఊరి వాళ్లకి శ్రీకాకుళం కన్నా ఒడిశాలోని బరంపురం దగ్గర, ఎమ్‌కేసీజీ మెడికల్ కాలేజీకి వెళ్లిపోతాం. మీ అత్తగారు అది చెప్పొచ్చు, ముందే అనుకోండి. అర్ధరాత్రి ప్రాణం మీదికొస్తే దగ్గరున్నదానికే పరిగెత్తాలి, అది వేరు. ముందుగా చూపించుకున్న డాక్టరు, ఎకోలు, ఫైలు అన్నీ విశాఖలో పెట్టుకుని, కాన్పుకి మాత్రం కొత్త చోటికి వెళ్లడం బాగోదు. ఒక్క చోటే ఉండండి.

చీపురుపల్లి బావ
నా అనుభవం వేరే. మా ఆవిడకి ముందెప్పుడూ గుండె జబ్బు లేదు. రెండో కాన్పు, కవలలు, చివర్లో బీపీ. కాన్పు బాగానే అయింది, ఇంటికి తెచ్చేసేం. కొన్నాళ్లకి పడుకోలేకపోయేది, గోడకి దిండ్లు పెట్టి కూర్చునే నిద్రపోయేది. కాళ్లు వాచేయి. మా ఇంటి పెద్దవాళ్లు బాలింతకి చల్లగాలి తగిలిందన్నారు, తలుపులూ కిటికీలూ మూసి కుంపటి పెట్టేరు. బాలింతలకి పెట్టే కాయం మందు ఇంకాస్త ఎక్కువ తినిపించేరు. ఒక ఆసుపత్రిలో గ్యాస్ అని మాత్రలిచ్చి పంపేరు. చివరికి విశాఖలో ఎకో తీస్తే పంపింగు 25 శాతం. కాన్పు సమయంలో వచ్చే గుండె కండరం జబ్బట, పెరిపార్టమ్ కార్డియోమయోపతి అన్నేరు.

దేవుడి దయ, మందులు పడ్డాయి. ఏడాదిలోగా పంపింగు దాదాపు మామూలైంది. అందరికీ అలా అవ్వదని, సగం మందికి మాత్రమే పూర్తిగా కోలుకుంటుందని డాక్టరు చెప్పేరు. మళ్లీ కడుపొస్తే తిరగబెట్టొచ్చు కాబట్టి ఇక వద్దన్నారు.

గుండె జబ్బు లేనివాళ్లు కూడా ఇది చదవాలని రాసేను. కాన్పుకి ముందు నెల నుంచి, కాన్పయ్యాక ఐదో నెల దాకా ఎప్పుడైనా రావొచ్చట.

బొబ్బిలి వీణ
బావగారూ, ఆ కుంపటి మాట చదువుతుంటే ఒళ్లు మండింది. మా వీధిలో ఇప్పటికీ అదే.

ఉప్పు సంగతి కూడా చెప్పాలి. బాలింతకి పథ్యం అని మనవాళ్లు పెట్టేది ఎండు నెత్తళ్లు, ఉప్పు చేప, పాత ఊరగాయ. గుండె భారంతో ఉన్న మనిషికి అంత ఉప్పు పడితే ఒంట్లో నీరు నిలిచిపోతుంది. నాకు మా డాక్టరు ఆవకాయ జాడీ కంటికి కనపడకూడదన్నారు. పచ్చి చేపలు పులుసు తక్కువ ఉప్పుతో వండి పెట్టేది మా అమ్మ. సొరపిట్టు కూడా తిన్నాను, పాలు బాగానే పడ్డాయి.

నెల్లిమర్ల నీరజ
నాకు చిన్నప్పుడు గుండెలో రంధ్రం, ఆరోగ్యశ్రీలో మూసేసేరు. ఇప్పుడు మూడో నెల. డాక్టరు నీ గుండె మామూలు మనిషి గుండెలాంటిదే, భయం లేదన్నారు. నా భయమంతా బిడ్డకి కూడా ఉంటుందేమోనని.

మత్తు డాక్టరు, విజయనగరం
మామూలుగా వందమంది పిల్లల్లో ఒకరికి దగ్గరగా పుట్టుకతో గుండె లోపం ఉంటుంది. తల్లికి అలాంటిది ఉంటే ఆ లెక్క మూడు నుంచి ఐదు దాకా పెరగొచ్చు. అంటే తొంభై అయిదు మందికి పైగా బాగానే పుడతారు. బిడ్డ అవయవాలు చూసే టిఫా స్కానుతో పాటు 18 నుంచి 22 వారాల మధ్య బిడ్డ గుండెకి విడిగా ఎకో తీయమని అడగండి, ఫీటల్ ఎకో అంటారు.

ఇక కుర్రోడి అసలు ప్రశ్న, కాన్పు. చాలామంది గుండె జబ్బు అనగానే సిజేరియన్ అనుకుంటారు. నిజానికి ఎక్కువమందికి మామూలు కాన్పే మంచిది, రక్తం తక్కువ పోతుంది, ఇన్ఫెక్షను తక్కువ. నొప్పి వల్ల గుండె వేగం పెరగకుండా నడుముకి ఎపిడ్యూరల్ ఇస్తాం. పక్కకి తిప్పి పడుకోబెడతాం. చివర్లో తల్లి ఊపిరి బిగబట్టి ముక్కాల్సిన అవసరం తగ్గించడానికి వాక్యూమ్‌తోనో ఫోర్సెప్స్‌తోనో బిడ్డని తీస్తారు. బృహద్ధమని బాగా ఉబ్బినా, రక్తం పల్చబరిచే మాత్ర మీద ఉండగా నొప్పులొచ్చినా, గుండె ఫెయిల్యూరు అదుపులోకి రాకపోయినా అప్పుడు సిజేరియన్.

అసలు గండం బిడ్డ బయటికొచ్చాక. గర్భసంచి ముడుచుకునేసరికి అందులో ఉన్న రక్తం ఒక్కసారి గుండెకి చేరుతుంది, పెద్ద సిరల మీద ఒత్తిడి కూడా పోతుంది. అప్పటిదాకా బాగున్న మనిషికి గంటలోపే ఊపిరితిత్తుల్లో నీరు రావొచ్చు. మొదటి రోజు మరీ జాగ్రత్త, రెండు మూడు రోజులు ఐసీయూ తరహా కాపలా కావాలి. రక్తస్రావం ఆగడానికి మామూలుగా ఇచ్చే మెథర్జిన్ ఇలాంటివాళ్లకి ఇవ్వం, బీపీ ఎగబాకుతుంది. ఆక్సిటోసిన్ కూడా ఒక్కసారిగా తొయ్యకుండా డ్రిప్పులో మెల్లగా ఇస్తాం. నెలలు నిండకుండా నొప్పులొస్తే కొన్ని చోట్ల వాటిని ఆపడానికి డువాడిలాన్ మందు పెట్టేస్తుంటారు, అది గుండె వేగం పెంచుతుంది, ఈ వాల్వుకి మంచిది కాదు. చిన్న ఆసుపత్రిలో చేరాల్సి వస్తే అక్కడ మొదట మీ నోటి నుంచి రావాల్సిన మాట "మైట్రల్ స్టెనోసిస్ ఉంది" అని.

కాబట్టి గైనిక్, గుండె డాక్టరు, మత్తు డాక్టరు, బ్లడ్ బ్యాంకు, పసిపిల్లల ఐసీయూ ఒకే ఆవరణలో ఉన్న చోటు కావాలి. మన రెండు జిల్లాలకీ విశాఖే దగ్గర, అక్కడి పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ అయినా మరోటైనా. బిడ్డ పుట్టిన మర్నాడే డిశ్చార్జి అడగొద్దు.

నాగావళి గట్టు
ఖర్చు సంగతి?

ఏఎన్ఎం అప్ప
ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, మందులు, రక్తం ఉచితం. వాల్వుకి బెలూన్, ఆపరేషన్ లాంటివి ఎన్టీఆర్ వైద్య సేవలో (అదే పాత ఆరోగ్యశ్రీ) అడగండి, ఆసుపత్రిలో ఆ పథకం కౌంటరు ఉంటుంది, రేషన్ కార్డు, ఆధార్ తీసుకెళ్లాలి. అత్యవసరానికి 108, డిశ్చార్జి అయ్యాక ఇంటికి దింపడానికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్. కొండ మీది ఊళ్ల వాళ్లు నెలలు నిండేదాకా ఇంట్లో ఉండిపోతే డోలీయే గతి. సాలూరులో గిరిజన గర్భిణులకి వసతి గృహం పెట్టేరు, ఇప్పుడు నడుస్తోందేమో కనుక్కుని ముందే దిగొచ్చి ఉండొచ్చు.

రక్తహీనత చూసుకోండి. రక్తం తక్కువుంటే గుండె ఇంకా వేగంగా కొట్టుకోవాలి. ఐరన్ మాత్ర వికారం అని మంచం కింద పారేసే పిల్లలున్నారు.

రాజాం రాజా
అన్నీ బాగానే ఉన్నాయి. ఒక్కరు చాలు అనుకుంటే కాన్పుతో పాటే ట్యూబెక్టమీ చేసేస్తే ఒకే ఖర్చుతో పోతుంది కదా?

మత్తు డాక్టరు, విజయనగరం
కాన్పైన వెంటనే గుండె మీద భారం అంత ఉన్నప్పుడు ఇంకో ఆపరేషను ఎందుకు? గుండె కుదుటపడ్డాక చెయ్యొచ్చు. ఈలోపు కాపర్-టీ మంచిది. మామూలు గర్భనిరోధక మాత్రల్లో ఈస్ట్రోజన్ ఉంటుంది, అది రక్తాన్ని గడ్డకట్టిస్తుంది, ఇలాంటివాళ్లకి వద్దు. అన్నిటికన్నా సులువైంది భర్త వేసెక్టమీ చేయించుకోవడం. కోత కూడా ఉండదు, చిన్న రంధ్రం, ఆ సాయంత్రమే ఇంటికి.

రాజాం రాజా
మగవాళ్లకి ఆపరేషనా? పొలం పని చెయ్యలేరు అంటారు.

చీపురుపల్లి బావ
నేను చేయించుకున్నాను. వరి కోతలకి వెళ్లేను, బస్తాలు మోసేను. నువ్వు ఆటపట్టించినా నాకేం పర్వాలేదు రాజా.

రిటైర్డు మాస్టారు
రాజా ఇప్పుడు కాసేపు మాట్లాడడు.

కోటబొమ్మాళి కుర్రోడు
అందరికీ దండాలు. సెలవు పెట్టి వచ్చి ఆమెని విశాఖ తీసుకెళ్లేను. గుండె డాక్టరు మళ్లీ ఎకో తీసేరు. మాత్రలతో దగ్గు తగ్గింది, ప్రెషరు 50 లోపే ఉంది, ఇప్పుడే బెలూన్ అక్కర్లేదు, నెలనెలా చూద్దాం, ఏడో నెలలో పెరిగితే అప్పుడు ఆలోచిద్దాం అన్నేరు. గైనిక్ మేడం కూడా అదే ఆసుపత్రి. పాత ఇంజక్షన్ బుక్కు మావగారే తెచ్చేరు. టెస్ట్ డోసు చూసి పెనిడ్యూర్ వేసేరు. ఎర్ర స్టిక్కరు వేయించేను.

మా అమ్మ ఇంకా మావగారితో మాట్లాడటం లేదు. కానీ బోరింగు దగ్గరికి మాత్రం ఆమెని పంపట్లేదు, తనే తెస్తోంది. సూడిదలు కోటబొమ్మాళిలోనే. అత్తగారిని ఎనిమిదో నెలలో విశాఖ రమ్మంటే మొదట ఒప్పుకోలేదు, జీడిపప్పు కార్ఖానాలో పని పోతుందని. వీణ అక్క చెప్పిన మాటే చెప్పేను. వస్తానంది.

ఇప్పుడు చూడాల్సింది బస. గాజువాకలో మా మేనమామ ఇల్లుంది, రెండు గదులు. లేకపోతే ఆసుపత్రి దగ్గర మహారాణిపేటలో చిన్న గది అద్దెకి. ఏది మంచిది?

ఇచ్ఛాపురం ఈతకాయ
గాజువాక నుంచి పొద్దున్న ట్రాఫిక్‌లో చాలా సేపు పడుతుంది. గది చూసుకో.

బొబ్బిలి వీణ
చివరి నెలకి గదే మంచిది. కింది అంతస్తు తీసుకో, మెట్లు వద్దు. మేనమామ వాళ్లు భోజనం పంపినా ఉప్పు సంగతి ముందే చెప్పెయ్.

ఏఎన్ఎం అప్ప
గది ఖాయం అయ్యాక ఆ వీధి ఏ అర్బన్ పీహెచ్‌సీ కిందికి వస్తుందో కనుక్కుని అక్కడి ఏఎన్ఎం నంబరు తీసుకో. మీ ఊరి ఏఎన్ఎంకి కూడా విశాఖ వెళ్తున్నట్టు చెప్పు, లేకపోతే ఆ పిల్ల పేరు ఏ రిజిస్టరులోనూ ఉండదు. పెనిడ్యూర్ తర్వాతి తేదీ ఎప్పుడు?

కోటబొమ్మాళి కుర్రోడు
వచ్చే నెల పన్నెండు అప్పా. కార్డు వెనక రాయించేను.